ఒడి గింజలు

జానమ్మ కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఆ ఊళ్లో లేరు. అన్నం గిన్నె చేత్తో పట్టుకుని వాకిట్లో తిరుగుతూనే తింటుంది. ఆదివారం చర్చిలో ప్రార్థన సాగుతుంటే మధ్యలో లేచి వెళ్లి, బయట విప్పిన చెప్పులన్నీ వరసగా సర్ది వస్తుంది. "ఆరు దినాలు పనిచేసి దేవుడే ఏడో దినం ఆగిండు, నువ్వు జర ఆగరాదమ్మా" అని పాస్టరు అందరి ముందే అన్నాడొకసారి. అందరితో పాటు తనూ నవ్వింది. నవ్వుతూనే లేచి కిటికీ రెక్క మూసి వచ్చింది.

ఊరు హాలియా దాటాక గుట్టల వైపు ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ ఊరి కింద నుంచి పోతుంది. కాలువకు దిగువన ఉన్నవాళ్లు ఏడాదికి రెండు వరిపంటలు తీస్తారు. ఎగువన ఉన్నవాళ్లు ఆ పచ్చదనాన్ని చూస్తూ కూర్చుంటారు. జానమ్మ తండ్రి యోహానుకు సర్కారు ఇచ్చిన రెండెకరాలు ఎగువనే ఉన్నాయి. ఎర్రచెల్క, అడుగడుగునా పలుగురాళ్లు. యోహాను బతికున్నన్నాళ్లూ ప్రతి ఎండాకాలం రాళ్లు ఏరాడు. ఏరిన రాళ్లతో గట్టు పెరిగింది తప్ప చేను మారలేదు. ఒకప్పుడు ఆ నేలలో ఆముదం బాగానే పండేది. ఆ తర్వాత అందరితో పాటు పత్తికి తిరిగారు. రెండేళ్లు పత్తి వేస్తే రెండేళ్లూ ఎండింది. ఆపైన ఎనిమిదేళ్లుగా చేను బీడు. బీడుపడిన చేను గుర్తుకొస్తే జానమ్మకు తండ్రిని ఆకలితో పడుకోబెట్టినట్టు ఉండేది.

నల్గొండ హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివింది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. అందుకే ఉపాధి పనిలో మేటును చేశారు, తవ్విన గుంతలు కొలిచి రాయడానికి. ఆమె ఉన్నది ఉన్నట్టు రాసింది. అరగజం తవ్వితే అరగజమే. కూలి తగ్గేసరికి ఊరు ఊరంతా ఆముదం తాగిన మొహం పెట్టింది. ఏడాది పాటు ఒక్క పెళ్లికి కూడా పిలవలేదు. భర్త డేవిడ్ నందికొండ దగ్గర సాగర్ జలాశయంలో చేపల వేటకు పోయి శనివారాలు ఇంటికొస్తాడు. "నీ నోట్ల నువ్వుగింజ నానదు, నీ కాలు ఒక్కకాడ నిలువది, నిన్ను చేసుకున్నంక నాకు నీళ్ల మీద పడవే నయమనిపిస్తాంది" అని ఏడిపిస్తుంటాడు.

రెండు వేల ఇరవై మూడు జూన్‌లో ఊళ్లోకి ఒక జీపు వచ్చింది. అందులోంచి దిగిన అమ్మాయి పేరు శ్రీదేవి, నల్గొండ పిల్లే, నూనెగింజల మీద పరిశోధన చేస్తోంది. రైతుల మీటింగులకు కట్టిన రైతు వేదికలో అందరినీ కూర్చోబెట్టి, విమానాలకు వాడే ఇంధనాన్ని గింజల నూనెతో కూడా చేయొచ్చని, ఏ గింజ ఈ నేలకు తగినదో ఏడాది పాటు పోల్చి చూస్తామని చెప్పింది. గెలిచిన పంటను ఒక కంపెనీ ముందే ఒప్పందం చేసుకుని మూడేళ్లు కొంటుందట.

"ఆముదం పోస్తె విమానం ఎగురుతదా, యాడికాడ దిగుతదా?" అన్నాడు రఘుపతి. నల్లరేగడి భూమి పదిహేనెకరాలున్న ఆసామి. వేదిక రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. శ్రీదేవి కూడా నవ్వాపుకోలేకపోయింది.

నవ్వు తగ్గాక విషయం చెప్పింది. కానుగ చెట్టుకు నీళ్లక్కర్లేదు, కానీ కాపుకు రావడానికి ఆరేడేళ్లు. అడవి ఆముదం కాయలన్నీ ఒకేసారి పండవు, కోతకే మనుషులు అరిగిపోతారు. ఆ మాటకు వెనక వరసలో కొందరు తలలూపారు. ఇరవై ఏళ్ల కింద ఆ మొక్కలే గట్ల మీద నాటించి, కాయలు కాసేసరికి కొనేవాళ్లు లేక పీకేసిన సంగతి వాళ్లు మర్చిపోలేదు. మిగిలినవి రెండు. కుసుమ నూనె పల్చన, ఇంధనంగా మార్చడం తేలిక, కానీ తినే నూనె, పైగా రేగడి నేల కావాలి. ఆముదం ఎవరూ తినరు, రాళ్లలోనూ పండుతుంది, గింజలో సగం నూనే. కాకపోతే చిక్కన, అందులోని ఆక్సిజన్ తీసేయడానికి ఫ్యాక్టరీలో ఎక్కువ హైడ్రోజన్ ఖర్చవుతుంది. "కాబట్టి ఎకరానికి నూనె ఎక్కువిస్తెనే ఆముదం నిలుస్తది. తక్కువొస్తె కుసుమనే" అంది శ్రీదేవి.

కుసుమ అంటే రఘుపతి లాంటి వాళ్ల రేగళ్లు. ఆముదం అంటే కాలువ ఎగువన ఉన్న చెల్కలు. జానమ్మ ఆ రోజు వేదికలో గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఇంటికొచ్చాక నాలుగుసార్లు చేనుకు పోయి వచ్చింది.

ప్రయోగం మడులకు కాపలా కాసి, లెక్కలు రాసే పని ఆమెకే ఇచ్చారు. ఎగువన ఇంకొకరి చెల్కలో పది గుంటల ఆముదం, రఘుపతి రేగట్లో పది గుంటల కుసుమ. వాన పడిన రోజు, కలుపు తీసిన రోజు, పురుగు కనిపించిన రోజు, అన్నీ రాసేది. ప్రతి కోతకూ తూకం వేసి, 'మడిలోని గింజ బయటికి పోలేదు' అన్న వాక్యం కింద సంతకం పెట్టాలి. ఆముదానికి నాలుగు కోతలు వచ్చాయి. ప్రతిసారీ ఆ అయిదుగురు ఆడవాళ్లే. వాళ్లకు పెద్ద సుగుణమ్మ. అరవై దాటిన మనిషి, ఉన్న ఎకరం కొడుకులు పంచుకున్నాక కూలికి దిగింది. పొద్దు వాలేదాకా గెలలు కోసి కుప్ప పోసి, పోయేముందు కుప్పలోంచి తలా ఒడినిండా కాయ దూసుకుని వెళ్లేవారు. జానమ్మ మిగిలిన కుప్ప ఎండబెట్టించి, కొట్టించి, చెరిగించి, తూకం వేసి సంతకం పెట్టేది. కుసుమ కోత ఫిబ్రవరిలో వచ్చింది. దాని ముళ్లకు చేతులకు గోనెపట్టలు చుట్టుకుని కోశారు. పని కాగానే బతుకుజీవుడా అని ఇళ్లకు పోయారు.

మార్చి చివర్లో శ్రీదేవి ఫోన్ చేసింది. "జానక్కా, వచ్చే మంగళవారం వేదికల ఫలితం చెప్తున్న. నీకు ముందు చెప్తె తప్పులేదు. ఎకరానికి లెక్కగడితె కుసుమ కన్న ఆముదం నూనె తొమ్మిది కిలోలు తక్కువొచ్చింది."

"తొమ్మిదేనా మేడం?"

"తొమ్మిదే. అయితేంది, తక్కువ తక్కువే గద."

ఆ తొమ్మిది కిలోలు జానమ్మను కాలుగాలిన పిల్లిని చేశాయి. పొద్దున్నే మడికి పోయి ఎండిన మోళ్ల మధ్య తిరిగింది. ఎక్కడ పోయింది తొమ్మిది కిలోలు? చీడ లేదు. అడవిపందులు ఆముదం జోలికి రావు. కొట్టేటప్పుడు పట్టాల మీదే కొట్టించింది, చెరిగిన పొట్టును మళ్లీ చెరిగించింది. తన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా మూడుసార్లు చదివింది. తప్పు దొరకలేదు. తప్పు దొరికితే ఏడవొచ్చు, తిట్టొచ్చు. దొరక్కపోతే తిరగడం తప్ప ఏం చేస్తుంది పాపం.

ఎల్లుండి ఫలితమనగా సుగుణమ్మ వాకిట్లోకి వెళ్లింది, ఊరికే. సుగుణమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద నూనె కాస్తోంది. వేయించి దంచిన ఆముదపు పిండి నీళ్లలో తుకతుకా ఉడుకుతుంటే, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి సీసాలో పోస్తోంది.

"రా బిడ్డా. కోడలు నీళ్లోసుకుంది, దానికోసం తీస్తున్న. నీకో సీసా పెడతలే."

"యాడివక్కా గింజలు?"

"యాడివేంది? నీ మళ్లయే. ఒడివి."

జానమ్మ అలాగే నిలబడిపోయింది. అయిదుగురు. నాలుగు కోతలు. ఇరవై ఒళ్లు. తన కళ్ల ముందే కాయ దూసుకుని, "పోతున్నం జానమ్మా" అని చెప్పి మరీ పోయారు. ఆమే "పోయి రాండ్రి" అంది. ఆపైనే తూకం వేసి, గింజ బయటికి పోలేదని సంతకం పెట్టింది. అబద్ధం రాయాలని రాయలేదు. ఆముదం కోసిన మనిషి ఖాళీ ఒడితో గట్టు దిగడం ఆ చెల్కల్లో ఎన్నడూ లేదు. ఆమె తల్లి అట్లాగే తెచ్చింది, తనూ పదేళ్ల వయసు నుంచి అట్లాగే తెచ్చింది. ఒడి తీశాక మిగిలిందాన్నే పంట అంటారు. ఒళ్లో పోయింది కూడా పంటే అన్న ఆలోచన ఆ ఊళ్లో ఎవరికీ వచ్చే అవకాశమే లేదు, ముత్యాల్లాంటి అక్షరాలున్న జానమ్మకు కూడా.

కుసుమ ముళ్ల పంట. దాన్ని ఎవరూ ఒళ్లో పట్టలేదు. దాని గింజంతా తూకానికి వచ్చింది.

"సుగుణక్కా, మేడంకు చెప్పాలె. ఒక్క ఒడి ఎంత తూగుతదో చూపియ్యాలె. ఆముదం గెలుస్తదక్కా, మన చెల్కలు గెలుస్తయి."

సుగుణమ్మ గరిటె పక్కన పెట్టింది. "ఏమని చెప్తవ్? సుగుణమ్మ గింజలు మోసుకపోయిందని చెప్తవా?"

"గట్ల గాదక్కా..."

"గట్లనే. తూకమేస్తె ఇగ అది ఒడి గాదు, దొంగతనం. నా అత్త పట్టింది, నేను పట్టిన. ఇన్నేండ్లల ఒక్క ఆసామి అడగలే. ఇయ్యాల నువ్వు అడుగుతవా? నువ్వూ ఒడి పట్టినదానివే గదనే!"

అంతకుముందు తెరిచి పెట్టిన సీసాకు సుగుణమ్మ మూత బిగించింది, ఆమెకు ఇవ్వలేదు.

డేవిడ్ ఆ వారం ఇంటి దగ్గరే ఉన్నాడు, వల బాగుచేసుకుంటూ. అంతా విని, "ఊకో" అన్నాడు. "మేటు పనిల ఏడాది మాటలు బందయినయి, యాదికి లేదా? ఈసారి సుగుణక్క తోని బందయితది. ఆమె లేకుంటె నీ అవ్వ సచ్చినప్పుడు నిన్ను పట్టుకున్నదెవ్వరు?"

"మరి బాపు చేను?"

"ఎనిమిదేండ్ల సంది బీడుంది. ఇంకో ఎనిమిదేండ్లుంటది."

ఆ మాటే ఆమెను పొడిచింది. చెబితే మనిషి పోతుంది, చెప్పకపోతే నేల పోతుంది. ఒక్క తన నేలే అయితే గొంతులో మింగేసేదేమో. కాలువ ఎగువన నలభై ఇళ్ల నేల. అందులో సుగుణమ్మ కొడుకుల అరెకరాలూ ఉన్నాయి. సోమవారమంతా ఊరికీ చేనుకూ మధ్య తిరిగి, ఒక చెప్పు తెంచుకుంది.

మంగళవారం వేదిక నిండింది. శ్రీదేవి గోడ మీద కాగితం అంటించి పంటలను ఒక్కొక్కటిగా చెబుతూ వచ్చింది. కుసుమ దగ్గరికి వచ్చేసరికి రఘుపతి మీసం సర్దుకున్నాడు. అప్పుడు జానమ్మ లేచింది. లేచి ఉన్న మనిషే కాబట్టి ముందుకు నడిచింది అనాలి.

"మేడం, ఆముదం లెక్క తప్పు. తప్పు నాది. కోసినోళ్లు ఒడి పట్టిండ్రు. నేను తూకమెయ్యలే."

"సంతకం పెట్టినవు గదక్కా, గింజ బయటికి పోలేదని?" శ్రీదేవి గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది.

"పోలేదనే అనుకున్న మేడం. ఒడి పోతే పోయినట్టని మాకెన్నడు అనిపియ్యలే."

రఘుపతి నవ్వాడు. "ఒడి అంటివి, గంప గాదా? బస్తా గాదా? ఎత్తుకపోయినోళ్లు ఎంత ఎత్తుకపోయిండ్రో ఎవలికెరుక!"

గోల మొదలైంది. ఆడవాళ్ల వరసలోంచి సుగుణమ్మ లేచింది. మొహం కందిపోయి ఉంది. నేరుగా ముందుకు నడిచి, చూపించడానికి తెచ్చిన ఆముదపు కాయల బస్తా మూతి విప్పింది. కొంగు నడుముకు చుట్టి, ఒడి చేసి, రెండు చేతులతో కాయ నింపింది. ఎప్పుడూ నింపేంతే. పిరికెడు ఎక్కువ లేదు, తక్కువ లేదు. పక్కనే ఉన్న తక్కెడ పళ్లెంలో గుమ్మరించింది.

"గింతే. బస్తా గాదు, గంప గాదు. జన్మల గింతకన్న పట్టలే" అంది రఘుపతిని చూస్తూ. మిగిలిన నలుగురూ వచ్చి ఒక్కొక్కరే ఒడి నింపి గుమ్మరించారు. త్రివేణి అనే చిన్నపిల్ల, పెళ్లయి ఏడాది కూడా కాలేదు, ఏడుస్తూ నింపింది. వేదికలో ఎవరూ నవ్వలేదు. తిరిగి పోతూ సుగుణమ్మ జానమ్మ పక్క నుంచే వెళ్లింది, కానీ ఆమె వైపు చూడలేదు.

గింజ చేసి తూస్తే ఒడి కిలో వచ్చింది. శ్రీదేవి కళ్లానికి వెళ్లి, పక్కన పడేసిన గెలల కాడలు రెండు రోజులు కూర్చుని లెక్కపెట్టి, ఎంత కాయ దూశారో అంచనా కట్టింది. ఒడి లెక్కకు దగ్గరగానే వచ్చింది. ఇరవై కిలోలు, ఎకరానికి ఎనభై, అందులో సగం నూనే. ఆముదం కుసుమను దాటింది, కొద్దిగా కాదు, బాగానే దాటింది. మే నెలలో కంపెనీ కాగితం పంపింది. కాలువ ఎగువ చెల్కల్లో మూడేళ్లు ఆముదమే.

జానమ్మ ఆ సాయంత్రమే రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. డేవిడ్ కూడా పడవ వదిలి నెల రోజులు వచ్చి దున్నాడు. జూలైలో మొలకలు లేచాయి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెళ్లి చూసేది. ఆకులు విప్పుకున్న రోజు చేను మధ్యలో నిలబడి "బాపూ" అని గట్టిగా పిలిచింది, ఎవరైనా వింటారన్న సిగ్గు కూడా లేకుండా.

కంపెనీ కాగితంలో పదకొండు షరతులు ఉన్నాయి. నాలుగోది, కోతకు వచ్చిన కూలీలు గింజ తీసుకెళ్లరాదని, గట్టు దగ్గర వాళ్ల ఒడి, సంచీ చూసి పంపాలని. అది చదివి జానమ్మ హాలియా దాకా వెళ్లి బస్టాండులో శ్రీదేవిని పట్టుకుంది.

"గిదెవలు పెట్టిండ్రు మేడం? గిది తీసెయ్యుండ్రి. మా ఆడోళ్లు దొంగలు గాదు."

"పైనోళ్లు పెట్టిండ్రు అక్కా. నేను వద్దన్న, వినలే." "ముందల గీ షరతు లేకుండె. నువ్వు వేదికల చెప్పినంక, నా రిపోర్టు చూసి పెట్టిండ్రు."

తిరుగు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా జానమ్మ ఊరిదాకా నిలబడే వచ్చింది.

నవంబరులో మొదటి కోత. కూలికి మనుషులను అడగడానికి సుగుణమ్మ ఇంటికే వెళ్లింది. ఏప్రిల్ నుంచీ ఇద్దరి మధ్య మాటల్లేవు. వస్తుందో రాదో అని ఆ నాలుగు ఇళ్ల దూరంలో ఆమె గుండె పది ఊళ్లు తిరిగొచ్చింది. సుగుణమ్మ "ఎన్నడు?" అని మాత్రం అడిగింది. బుధవారం పొద్దున అయిదుగురూ వచ్చారు. గెలలు బరువుగా ఉన్నాయి. మధ్యాహ్నం జానమ్మ చింతకాయ తొక్కు, జొన్నరొట్టెలు పెట్టింది. త్రివేణి ఒకటి రెండు మాటలు మాట్లాడింది, సుగుణమ్మ కూడా తొక్కు బాగుందని అంది. జానమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇంకొక్క పని మిగిలింది, అదీ అయితే అంతా మామూలే అయిపోతుంది అనుకుంది.

పొద్దు వాలింది. కుప్ప మోకాలి ఎత్తు ఉంది. ఆడవాళ్లు చేతులు కడుక్కుంటున్నారు.

"అక్కా, ఒడి పట్టుండ్రి" అంది జానమ్మ. "షరతు గిరతు జాన్తానై. నా చేను, నా పంట. మీ ఇష్టమున్నంత పట్టుండ్రి."

నలుగురూ సుగుణమ్మ వైపు చూశారు. సుగుణమ్మ కుప్ప దగ్గరికి రాలేదు. గట్టు దగ్గరికి నడిచి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగింది. నడుముకు చుట్టిన కొంగు విప్పి, రెండు అంచులూ పట్టుకుని గట్టిగా దులిపింది. రెండు ఎండుటాకులు రాలాయి.

"చూస్కో బిడ్డా. ఏం లేదు."

"నేనడగలే గదక్కా! నాకెందుకు చూపిస్తున్నవ్?" జానమ్మ గట్టు దగ్గరికి పరిగెత్తింది.

సుగుణమ్మ గట్టు దిగింది. ఆమె వెనక ఇంకో ముగ్గురూ వచ్చి, ఒక్కొక్కరే ఆగి, కొంగు దులిపి దిగారు. చివర త్రివేణి వచ్చింది. పొద్దున తలలో పెట్టుకున్న బంతిపువ్వు ఒకటి ఆమె ఒళ్లో పడి ఉంది. దాన్ని కూడా తీసి జానమ్మ చేతిలో పెట్టి, కొంగు దులిపి చూపించి వెళ్లింది.